బంగారు చెయ్యి జానీ యునైటస్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల మోచేతి దెబ్బల గురించి రాస్తూ, బాల్టిమోర్ ఫుట్‌బాల్ ఆటగాడు జానీ యునైటస్ కుడిచెయ్యి చివరి రోజుల్లో పిడికిలి కూడా బిగించలేకపోయిందని ఒక్క వాక్యం రాశాను. ఆ వాక్యం పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. నేను మేరీలాండ్‌లో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చే ఇక్కడి పెద్దవాళ్లు మోకాలు వంచుతూ, భుజం తిప్పుతూ ఈయన ఆటలు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ల దగ్గర విని, తర్వాత చదివి, ఈ మనిషి మీద నాకు గొప్ప ఇష్టం పుట్టింది. ఈ నెల శీర్షికంతా ఆయనకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, అమెరికా ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకోవడమే మాకు కనిపిస్తుంది. అందులో ఒక్క మనిషి గొప్పతనం ఎలా తెలుస్తుంది? యునైటస్ అసలు ఏం చేసేవాడు? (ఒక పాఠకుడు, గుంటూరు)

ఆట లెక్క చిన్నదేనండీ. ఒక్కో జట్టుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింటిలో పది యార్డులు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. జరగలేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ప్రతి అవకాశంలోనూ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. పరిగెత్తేవాడికి అందించాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ సెకన్లలోనే వంద కిలోలు దాటిన మనుషులు అతని మీదకు దూసుకొస్తుంటారు. యునైటస్ ఈ క్వార్టర్‌బ్యాక్.

ఈ రోజుల్లో ఏ ఎత్తు వేయాలో కోచ్ గట్టు మీద నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌కి చెబుతాడు. యునైటస్ ఆడిన రోజుల్లో అది లేదు. ఎత్తులన్నీ ఆయనే వేసేవాడు. ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, బంతి అందుకునే ముందే అరిచి, అప్పటికప్పుడు మార్చేసేవాడు. ఇంకో గుణం ఉంది. దెబ్బ తగలబోతోందని తెలిసి కూడా, తనవాడు ఖాళీలోకి వచ్చేదాకా బంతి వదిలేవాడు కాదు. పాత ఫిల్ములు చూడండి. బంతి చేతిని విడిచిన మరుక్షణమే ఆయన నేల మీద ఉంటాడు.

ప్రశ్న: బాగా ఉన్న ఇంటి పిల్లలకే ఆటల్లో పైకొచ్చే దారి దొరుకుతుందని మా స్నేహితులు అంటారు. యునైటస్ ఎలాంటి ఇంటినుంచి వచ్చారు? (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

బొగ్గు అమ్ముకునే ఇంటినుంచి వచ్చాడు నాయనా. 1933 మే 7న పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. లిథువేనియా నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రికి ఒక లారీ, దాంతో ఇళ్లకు బొగ్గు వేసే చిన్న వ్యాపారం ఉండేవి. పిల్లవాడికి ఐదేళ్లప్పుడు న్యుమోనియాతో తండ్రి పోయాడు. తల్లి హెలెన్ ఆ వ్యాపారాన్ని తనే నడిపింది. రాత్రిళ్లు ఆఫీసులు తుడిచింది. ఆ మీదట లెక్కల పద్దులు రాయడం నేర్చుకుని ఆ ఉద్యోగమూ చేసింది. నలుగురు పిల్లల్ని అలా పెంచింది. ఒత్తిడిలో చెయ్యి వణకకపోవడం నీకెక్కడ అబ్బిందని అడిగితే ఎవరేం చెబుతారో గాని, ఆ ఇంట్లో ఆ తల్లిని చూస్తూ పెరిగిన పిల్లవాడు అలా తయారవడం నాకు సహజంగానే అనిపిస్తుంది.

మనిషి సన్నం. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం చూసి, ఈ ఒంటితో ఈ ఆట ఆడితే ప్రమాదమని పంపేసింది. లూయివిల్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. 1955లో, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తొమ్మిదో రౌండులో, వందమంది పేర్లు అయిపోయాక, ఈయన పేరు పిలిచింది. సొంత ఊరి జట్టు! కానీ శిక్షణ శిబిరంలో సన్నాహక మ్యాచ్ ఒక్కటి కూడా ఆడించకుండానే ఇంటికి పొమ్మంది. బస్సు ఖర్చులకు ఇచ్చిన డబ్బు మిగుల్చుకుని, దారిన పోయే కార్లు ఆపి ఎక్కి ఊరు చేరాడు. అప్పటికే పెళ్లయింది.

ఆ ఏడాది పగలు భవన నిర్మాణంలో పునాది దూలాలు దిగ్గొట్టే ముఠాలో పని. వారానికోసారి బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే పేట జట్టుకు ఆట. మైదానంలో గడ్డి లేదు, దుమ్ము లేవకుండా నూనె చల్లేవారు. మ్యాచ్‌కి ఆరు డాలర్లు. నువ్వు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఈ ఆరు డాలర్లలో ఉంది. పనికిరావని పెద్ద జట్టు చెప్పాక చాలామంది ఆట మానేస్తారు. ఈయన ఆరు డాలర్లకైనా బంతి విసురుతూనే ఉన్నాడు. 1956లో బాల్టిమోర్ కోల్ట్స్ నుంచి ఫోను వచ్చింది. ఏడాదికి 7,000 డాలర్లు, అదీ జట్టులో నిలబడితేనే.

ఆ అక్టోబరులో షికాగో బేర్స్‌తో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌బ్యాక్ జార్జ్ షా కాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్తే యునైటస్‌ను దింపారు. విసిరిన మొదటి బంతినే ఎదుటివాడు అందుకుని గోల్ గీత దాటేదాకా పరిగెత్తి టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) చేశాడు. కోల్ట్స్ 58–27తో ఓడింది. అయినా ఆ తర్వాతి వారం కూడా యునైటస్‌నే ఆడించారు, ఆ మ్యాచ్ గెలిచారు. అక్కడి నుంచి ఆ స్థానం ఆయనదే.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, న్యూయార్క్ జెయింట్స్ అభిమాని. 1958 ఫైనల్‌ని ‘ఇప్పటిదాకా ఆడిన అన్నింటిలోకీ గొప్ప ఆట’ అంటారట. మేము ఓడినా అది గొప్ప ఆటే అంటాడు. ఏమిటి దాని ప్రత్యేకత? (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్)

మీ అబ్బాయి మంచి అభిమాని అండీ.

1958 డిసెంబరు 28, యాంకీ స్టేడియం. 64,000 మందికి పైగా జనం. దేశమంతా టీవీల ముందు మరో నాలుగున్నర కోట్ల మంది. అప్పటిదాకా అమెరికాకు ఆటంటే బేస్‌బాలే. కాలేజీ ఫుట్‌బాల్‌కి ఉన్న మర్యాద కూడా డబ్బు తీసుకుని ఆడే ఫుట్‌బాల్‌కి ఉండేది కాదు. ఆ ఒక్క సాయంత్రంతో లెక్క మారింది.

ముందు ఒక సంగతి చెప్పాలి. నవంబరు మొదట్లో గ్రీన్‌బే ప్యాకర్స్‌తో మ్యాచ్‌లో యునైటస్ పక్కటెముకలు మూడు విరిగాయి, ఊపిరితిత్తికి గాయమైంది. రెండే మ్యాచ్‌లు ఆగి, ఛాతీకి లోహపు కవచం కట్టుకుని మళ్లీ దిగాడు. వచ్చీరాగానే మొదటి బంతికే లెన్నీ మూర్‌తో టచ్‌డౌన్ చేయించాడు. పక్కటెముక విరిగినవాళ్లకు దగ్గు వస్తేనే కళ్లు తిరిగేంత నొప్పి. ఫైనల్ ఆడిన మనిషి రెండు నెలల కిందట ఆ స్థితిలో ఉన్నవాడని గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

సగం ఆటకు కోల్ట్స్ 14–3తో ముందుంది. తర్వాత జెయింట్స్ పుంజుకుని 17–14 చేసింది. ఆట రెండు నిమిషాల్లో అయిపోతుందనగా బంతి యునైటస్ చేతికొచ్చింది, అదీ తన గోల్ గీతకు 14 యార్డుల దగ్గర. ముందు 86 యార్డుల మైదానం ఉంది. ఆయన రేమండ్ బెర్రీ వైపు చూశాడు. బెర్రీకి చూపు అంతంతమాత్రం, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని ఆడేవాడు. వేగమూ తక్కువే. డ్రాఫ్టులో ఇరవయ్యో రౌండులో దొరికినవాడు. వేళ్ల బలం కోసం సిల్లీ పట్టీ అనే సాగే ముద్దను ఎప్పుడూ చేతిలో పిసుకుతుండేవాడు. మేము చేతి రోగులకు అలాంటి ముద్దనే ఇచ్చి పిసకమంటాం. అందుకే బెర్రీ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. రోజూ జట్టు సాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక, యునైటస్, బెర్రీ ఇద్దరే మైదానంలో ఉండిపోయి మళ్లీ మళ్లీ అవే పరుగులు, అవే విసుర్లు అభ్యాసం చేసేవారు. బెర్రీ ఎన్ని అడుగులు వేసి ఎటు తిరుగుతాడో, తిరిగి చూడకుండానే బంతి ఎక్కడికి రావాలో ఇద్దరికీ ఒంటికి పట్టేసింది.

ఆ రెండు నిమిషాల్లో వరసగా మూడు బంతులు బెర్రీకే: 25 యార్డులు, 15 యార్డులు, 22 యార్డులు. అందరికీ తెలుసు బెర్రీకే వేస్తున్నాడని, అయినా ఆపలేకపోయారు. ఏడు సెకన్లు ఉందనగా స్టీవ్ మైరా ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే మూడు పాయింట్లు) కొట్టి 17–17 చేశాడు.

ఫైనల్ సమానంగా ముగియడం ఎన్‌ఎఫ్‌ఎల్ (ఈ జట్లన్నీ ఆడే లీగ్) చరిత్రలో అదే మొదటిసారి. అదనపు సమయం, ముందు స్కోరు చేసినవారిదే గెలుపు. జెయింట్స్ తన వంతు వాడుకోలేక బంతిని దూరంగా తన్ని కోల్ట్స్‌కు వదిలేసింది. యునైటస్ 80 యార్డులు, పదమూడు ఎత్తుల్లో జట్టును తీసుకుపోయాడు. మధ్యలో కేబుల్ ఊడిపోయి దేశమంతా టీవీలు నల్లబడ్డాయి. ఎవరో మైదానంలోకి పరిగెత్తుకు రావడంతో ఆట ఆగింది, ఆ కాస్త వ్యవధిలో బొమ్మ మళ్లీ వచ్చింది. గోల్ గీత దగ్గరికి వచ్చాక ఫీల్డ్ గోల్ కొడితే చాలు. అక్కడ కూడా ఆయన జిమ్ మషెలర్‌కి బంతి విసిరాడు, తర్వాత ఒక్క యార్డు ఉందనగా అలన్ అమీచీ చేతికిచ్చి, అడ్డుగా నిలబడ్డ ఎదుటివాళ్ల మధ్యలోకి పంపాడు. టచ్‌డౌన్. 23–17. అంత దగ్గర బంతి విసరడం ప్రమాదం కాదా అని తర్వాత విలేఖరులు అడిగితే, ఏం చేస్తున్నామో తెలిసినప్పుడు ప్రమాదం ఉండదన్నాడు.

40 బంతులు విసిరితే 26 తనవాళ్లకు చేరాయి, 349 యార్డులు. బెర్రీ ఒక్కడే 12 అందుకున్నాడు, 178 యార్డులు. ఆ రాత్రి టీవీలో ఎడ్ సలివాన్ కార్యక్రమానికి పిలిస్తే యునైటస్ వెళ్లకుండా జట్టుతోనే ఊరు చేరాడు. అమీచీ వెళ్లాడు. గెలిచిన ఒక్కో ఆటగాడికి వచ్చిన వాటా 4,700 డాలర్ల పైచిలుకు. మరుసటి ఏడు ఇదే జెయింట్స్ మీద 31–16తో కోల్ట్స్ మళ్లీ గెలిచింది. ఆ సంగతి మీ అబ్బాయికి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ప్రశ్న: టామ్ బ్రేడీ, యునైటస్‌లలో ఎవరు గొప్ప? (ఇంజనీరు, బెంగళూరు)

ఈ మధ్యకాలపు క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ. అంకెలు ఆయనవే పెద్దవి. కానీ యునైటస్ మొదలుపెట్టినప్పుడు ఏడాదికి పన్నెండు మ్యాచ్‌లే. బంతి అందుకోబోయేవాడిని దారి పొడవునా నెట్టొచ్చు, పడేయొచ్చు. 1978లో ఆ నిబంధన మారాకే విసిరే ఆటకు గాలి తగిలింది. 1956 నుంచి 1960 దాకా వరసగా 47 మ్యాచ్‌ల్లో ఒక్కోదాంట్లో కనీసం ఒక టచ్‌డౌన్ విసిరిన ఆయన రికార్డు 2012లో డ్రూ బ్రీస్ దాటేదాకా నిలిచింది. 40,000 యార్డులు దాటిన మొదటి మనిషీ ఆయనే. నా ఓటు ఎవరికో మీకు తెలిసే ఉంటుంది.

ప్రశ్న: ఆ జట్టులో నల్లజాతి ఆటగాళ్లు కూడా ఉన్నారు కదా. వాళ్లను ఎలా చూసేవారు? (అధ్యాపకురాలు, అనంతపురం)

అడగాల్సిన ప్రశ్న అడిగారు. లెన్నీ మూర్, జిమ్ పార్కర్, బిగ్ డాడీ లిప్స్‌కోంబ్ లేకుండా ఆ రెండు ఛాంపియన్‌షిప్‌లు లేవు. పార్కర్ అడ్డంగా నిలబడి యునైటస్ ఒంటిని కాపాడేవాడు, మూర్ ఆయన విసిరిన బంతితో మైదానం దాటేవాడు. కానీ ఆ రోజుల్లో బాల్టిమోర్‌లో చాలా హోటళ్లు, సినిమా హాళ్లు నల్లవాళ్లను లోపలికి రానిచ్చేవి కావు. మైదానంలో ఒక్కటిగా ఉన్న జట్టు, ఆట అయ్యాక తెల్లవాళ్లు ఒక దారి, నల్లవాళ్లు ఒక దారి అయ్యేదని మూర్ తర్వాతి కాలంలో బాధపడుతూ చెప్పారు. బాల్టిమోర్‌కు గంట ప్రయాణంలో ఉన్న వాషింగ్టన్ జట్టైతే 1962 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడిని కూడా ఆడించలేదు. అందమైన ఆట అని చెప్పుకునేటప్పుడు ఇదీ చెప్పుకోవాలి.

ప్రశ్న: అక్కా, నేను ఫిజియోథెరపీ చదువుతున్నాను. ఆయన చేతికి ఏమైందో వివరంగా చెప్పండి. (విద్యార్థిని, విశాఖపట్నం)

1968లో సీజన్ మొదలవడానికి ముందు చివరి సన్నాహక మ్యాచ్, డల్లాస్ కౌబాయ్స్‌తో. బంతి విసురుతుండగా మోచేతికి దెబ్బ తగిలి లోపలివైపు కండర బంధాలు చిరిగాయి. ఆ ఏడాదంతా దాదాపు గట్టు మీదే. జట్టు ఎర్ల్ మోరల్‌తో ఫైనల్‌కు వెళ్లింది. 1969 జనవరి, మూడో సూపర్‌బౌల్, న్యూయార్క్ జెట్స్ చేతిలో 16–7 ఓటమి. ఆ జెట్స్ కోచ్ వీబ్ యూబ్యాంక్, ఒకప్పుడు యునైటస్‌ను కోల్ట్స్‌లోకి తీసుకున్న కోచే. ఆట చేజారాక ఆ చేతితోనే యునైటస్‌ను దింపారు, కోల్ట్స్ చేసిన ఒక్క టచ్‌డౌన్ అప్పుడే వచ్చింది. రెండేళ్ల తర్వాత ఐదో సూపర్‌బౌల్ డల్లాస్ మీద 16–13తో గెలిచారు. అందులో ఆయన విసిరిన బంతి ఇద్దరి చేతులు తగిలి జాన్ మాకీ చేతిలో పడి 75 యార్డుల టచ్‌డౌన్ అయింది. కాసేపటికే పక్కటెముకలకు దెబ్బ తగిలి ఆయన బయటికి వెళ్లాడు. 1973లో శాన్‌డియాగోకు అమ్మేశారు. 1974లో ఆట మానేశాడు. 1979లో, గొప్ప ఆటగాళ్ల పేర్లు చేర్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు.

అసలు బాధ అక్కడి నుంచి మొదలైంది. వయసుతోపాటు ఆ చేతి నరాలు పనిచేయడం తగ్గి, బొటనవేలు, వేళ్లు మాట వినడం మానేశాయి. పట్టు లేదు. గుండీ పెట్టుకోలేడు, ఫోర్కు పట్టుకోలేడు, పళ్లు తోముకునే బ్రష్షూ నిలవదు, తలుపు పిడి తిప్పలేడు. గోల్ఫ్ ఇష్టం. ఎడమచేత్తో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే కర్ర చుట్టూ మడిచి, వెల్‌క్రో పట్టీతో కట్టుకుని ఆడేవాడు. రెండు మోకాళ్లకూ కృత్రిమ కీళ్లు వేశారు. ఇదంతా 2001లో ఆయనే ఒక క్రీడాపత్రికకు దాచుకోకుండా చెప్పాడు.

నువ్వు పుస్తకంలో పట్టు బలాన్ని కిలోల్లో కొలవడం చదువుతావు. రోగితో మాట్లాడేటప్పుడు గుండీ గురించి అడుగు, తాళం చెవి గురించి అడుగు. అసలు నష్టం అక్కడ తెలుస్తుంది.

లీగ్‌ను వైకల్య భృతి అడిగితే ఇవ్వలేదు. గడువు వయసులోపు దరఖాస్తు పెట్టలేదని, పింఛను ఇస్తున్నామని కారణాలు చెప్పారు. ఆ లీగ్ టీవీ హక్కుల్ని వందల కోట్ల డాలర్లకు అమ్ముకోవడానికి పునాది 1958లో ఈ చెయ్యి వేసింది. నేను రోజూ బీమా కాగితాలు నింపే మనిషిని, నిబంధనలు ఎందుకుంటాయో నాకు తెలుసు. ఇది మాత్రం అన్యాయం.

2002 సెప్టెంబరు 11న, బాల్టిమోర్ పక్కనే టిమోనియంలో, ఫిజియోథెరపీ కేంద్రంలో వ్యాయామం చేస్తూ గుండెపోటుతో పోయాడు. వయసు 69.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు తొమ్మిదో తరగతి. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో చేరతానని పట్టుబడుతున్నాడు. వాళ్ల నాన్న సరే అంటున్నారు. మీ వాక్యం చదివాక నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు. చేతిని మించిన సంగతి తల. పైన చెప్పిన జాన్ మాకీ గుర్తున్నాడా, ఆ 75 యార్డుల బంతి అందుకున్నాయన? అరవై దాటకముందే మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఆయన భార్య లీగ్‌కు ఉత్తరం రాసి పోరాడితే, 2007లో అలాంటి ఆటగాళ్ల సంరక్షణకు ఏడాదికి 88,000 డాలర్ల దాకా ఇచ్చే పథకం వచ్చింది. ఆయన చొక్కా నంబరు 88, పథకానికీ అదే పేరు. 2011లో ఆయన పోయాక మెదడు పరీక్షిస్తే, పదేపదే తగిలిన తలదెబ్బలతో వచ్చే సీటీఈ అనే జబ్బు బయటపడింది. ఆ జబ్బును బతికుండగా నిర్ధారించే పరీక్ష ఇంకా లేదు. ఎన్నేళ్లు ఎక్కువ ఆడితే ముప్పు అంత ఎక్కువన్నది పరిశోధనల్లో తేలింది.

నా కొడుకైతే ఢీకొట్టే ఆట వద్దంటాను. ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడమంటాను. మనిషిని పడేయడానికి బదులు నడుముకున్న పట్టీ లాగుతారు. విసరడం, అందుకోవడం, ఎత్తులు వేయడం అన్నీ అందులోనూ ఉన్నాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అది కూడా ఉంది, మీ బాబుకి ఆ మాట పనిచేయొచ్చు.

అయినా చేరతానంటే, ఇంట్లో యుద్ధం పెట్టుకోకండి. పిల్లలు దెబ్బ దాచేది అమ్మ ఆట మాన్పిస్తుందన్న భయంతోనే. చేరే ముందు మూడు సంగతులు కనుక్కోండి: స్కూల్లో లైసెన్సున్న అథ్లెటిక్ ట్రైనర్ ప్రతి మ్యాచ్‌కీ ఉంటారా, వారంలో ఎన్ని రోజులు ఢీకొట్టే సాధన చేయిస్తారు, తలకు దెబ్బ తగిలితే ఎవరు ఆపుతారు. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ దింపకూడదు, వైద్యుడు రాసిచ్చేదాకా ఆడించకూడదు. టెక్సాస్‌లో అది చట్టం. వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం, చిరాకు, వాంతి, ఎక్కువ నిద్ర వీటిలో ఏది కనిపించినా కోచ్ ఏమంటాడోనని చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మీ వారితో కూర్చుని ఈ జవాబు ఇద్దరూ కలిసి చదవండి.

ప్రశ్న: మాది ఇండియానాపొలిస్. యునైటస్ మా ఊరి కోల్ట్స్ ఆటగాడే కదా! వేసవిలో బాల్టిమోర్ వస్తున్నాం, ఆయనవి చూడదగ్గవి ఏమున్నాయి? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

ఆ మాట బాల్టిమోర్‌లో అనకండి. 1984 మార్చి 28 రాత్రి మంచు కురుస్తుండగా యజమాని మేఫ్లవర్ అనే సామాను రవాణా కంపెనీ లారీలకు సామానెత్తించి, తెల్లారేసరికి జట్టును మీ ఊరికి తరలించేశాడు. ఊరు లేచేసరికి జట్టు లేదు. ఆ తర్వాత యునైటస్ ఇండియానాపొలిస్ కోల్ట్స్‌తో ఏ సంబంధమూ పెట్టుకోలేదు. తాను బాల్టిమోర్ కోల్ట్ మాత్రమే అన్నాడు. 1996లో బాల్టిమోర్‌కు రేవెన్స్ అనే కొత్త జట్టు వచ్చాక వాళ్ల మ్యాచ్‌లకు వచ్చి గట్టు మీద నిలబడేవాడు.

ఆయన ఆడిన మెమోరియల్ స్టేడియాన్ని కూల్చేశారు. రేవెన్స్ స్టేడియం ముందు, బంతి విసరబోతున్న భంగిమలో కంచు విగ్రహం ఉంది, దానికి టికెట్టు అక్కర్లేదు. ఊరికి ఉత్తరాన టౌసన్ విశ్వవిద్యాలయం స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఇంకాస్త పైకి వెళ్తే టిమోనియంలో డ్యులేనీ వ్యాలీ శ్మశానవాటికలో సమాధి. మ్యాచ్ ఉన్న రోజు విగ్రహం దగ్గర కారు నిలపడం కష్టం, లైట్ రైల్లో హాంబర్గ్ స్ట్రీట్ స్టేషన్‌కు రండి. అక్కడి నుంచి నడిచి వెళ్లొచ్చు.